చేయి చాచినంత దూరం

మా అమ్మాయి పురిటికి వచ్చిన మొదటి వారములోనే ఇంటిలో ఒక చిన్న వాదము బయలుదేరినది. బిడ్డ ఇంకా భూమి మీద పడలేదు. పేరు గురించి ఎవరికీ తొందర లేదు. ఆ బిడ్డను ఎక్కడ పడుకోబెట్టవలెనన్న విషయములో మాత్రము ఇంటిలోని మూడు తరాల ఆడవారికీ మూడు అభిప్రాయాలు ఏర్పడినవి. తొంబయ్యో యేట ఉన్న మా అమ్మ అటక మీది టేకు తొట్టిని దించమన్నది. నా భార్యకు చీర ఉయ్యాల మీద గురి. అమ్మాయి మాత్రము తల్లి మంచానికి ఆనించి కట్టే తొట్టి ఒకటి వస్తున్నది, అదే కావలెనన్నది. అంగడివారు దానిని బెడ్‌సైడ్ కాట్ అంటున్నారు. మూడు వైపులా గోడ ఉండి, తల్లి వైపు గోడను కిందికి దించుకొనే వీలున్న ఈ తొట్టిని పక్కతొట్టి అంటే మనకు సులువుగా తెలుస్తుంది.

చిరకాలము బడిలో పాఠాలు చెప్పినవాడిని గనుక తీర్పు చెప్పే పని నా మీద పెట్టినారు. తీర్పు చెప్పేముందు తెలుసుకోవలె గదా అని కొంత చదివినాను, కొంత కొలిచినాను.

మొదట తొట్టి సంగతి. నాలుగు మూలలా కొయ్య చిలుకలు, ఇత్తడి గొలుసులు, తరిమెన పట్టిన చువ్వలు. మా తాతగారు చేయించినది. నేను, నా తోబుట్టువులు, మా పిల్లలు అందరమూ అందులో ఊగినవారమే. బడిలో వాడిన స్కేలు తెచ్చి చువ్వకూ చువ్వకూ నడుమ పెట్టి చూస్తే మూడున్నర అంగుళాలు వచ్చినది. అమెరికాలో 1970ల నుండి ఉన్న నియమము ప్రకారము ఈ సందు ఇంచుమించు 6 సెంటీమీటర్లకు, అనగా రెండున్నర అంగుళాల లోపునకే ఉండవలె. కారణము తెలుసుకొన్న తరువాత ఆ తొట్టి వైపు మునుపటివలె చూడలేకపోయినాను. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగవ వంతు తలయే. సందు వెడల్పుగా ఉంటే కాళ్లు, నడుము, భుజాలు జారి బయటికి వస్తవి; తల లోపల చిక్కుకొంటుంది.

రంగు సంగతి కూడా ఉన్నది. చువ్వల మీది ఆకుపచ్చ రంగు పెచ్చులు లేస్తున్నది. ఇండ్లకు వేసే రంగులలో సీసము పది లక్షల వంతులకు 90 వంతులు మించరాదన్న నియమము మన దేశములో 2017 నవంబరులో గాని అమలుకు రాలేదు. అంతకు ముందటి రంగులో ఎంత సీసము ఉన్నదో కంటితో చూచి చెప్పలేము. పళ్లు వచ్చే బిడ్డ అంచు కొరకక మానదు. సీసము పసి మెదడుకు విషము. పోనీ గీకివేద్దామంటే, గీకినప్పుడు లేచే దుమ్ము మరింత చెడ్డది.

ఈ మాట చెబితే అమ్మకు కోపము వస్తుందనుకొన్నాను. రాలేదు. చాలాసేపు తొట్టి అంచు పట్టుకొని కూర్చున్నది. తరువాత, "నీకంటె ముందు ఒక పిల్ల ఉండేదిరా" అన్నది.

అరవై దాటిన నాకు ఆ సంగతి అంతవరకు తెలియదు. మూడవ నెల బిడ్డ. పాలు కక్కుతున్నదని, వెల్లకిల ఉంటే కక్కు గొంతుకు అడ్డుపడుతుందని ఎవరో చెప్పగా బోర్లా పడుకోబెట్టినారట. చలికాలమని కొత్తగా కుట్టించిన బూరుగు దూది పరుపు వేసినారట. తెల్లవారి చూస్తే కదలిక లేదు. అంతకు ముందు జబ్బు లేదు, జ్వరము లేదు. కొందరు దిష్టి అన్నారు, కొందరు బాలగ్రహము అన్నారు. "నేనే మొద్దునిద్ర పోయినానన్నారు మరికొందరు" అని అమ్మ అక్కడితో ఆపినది.

ఆ బిడ్డ ఎందుకు పోయినదో ఈనాడు చెప్పగలవారెవరూ లేరు. అయితే అటువంటి మరణాలు లోకమంతటా జరిగినవి. ఆరోగ్యముగా ఉన్న బిడ్డ, ఎక్కువగా రెండు మొదలు నాలుగు నెలల ప్రాయములో, నిద్రలోనే పోవుట వైద్యులకు చాలాకాలము అంతుపట్టలేదు. బోర్లా పడుకోబెట్టమన్న సలహా కూడా మన ఇరుగుపొరుగులది మాత్రమే అనుకోరాదు. అమెరికాలో కోట్లకొలది అమ్ముడుపోయిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ గారి శిశుపోషణ గ్రంథము 1958 నాటి ముద్రణలో అదే చెప్పినది. ఆయన చూపిన భయము కూడా మా అమ్మకు ఎవరో చెప్పిన భయమే. ఇంత పెద్ద పుస్తకము తప్పు చెప్పినప్పుడు, చదువురాని పల్లెటూరి తల్లిని నిందించినవారికి ఏమి హక్కున్నదో నాకు తెలియదు.

1980లలో పరిశోధకులు వరుసగా లెక్కలు తీసి చూడగా, పోయిన బిడ్డలలో బోర్లా పడుకొన్నవారే ఎక్కువగా కనిపించినారు. బిడ్డను వెల్లకిల పడుకోబెట్టండని 1991లో బ్రిటనులోను, 1994లో అమెరికాలోను ప్రచారము మొదలైనది. తరువాతి పదేండ్లలో ఈ ఆకస్మిక మరణాలు సగానికి పైగా తగ్గినవి. కొత్త మందు లేదు, యంత్రము లేదు. పడుకోబెట్టే తీరు మార్చినారు, అంతే. కక్కు భయానికి శరీరశాస్త్రములోనే సమాధానము ఉన్నది. బిడ్డ వెల్లకిల ఉన్నప్పుడు శ్వాసనాళము పైన, అన్నవాహిక కింద ఉంటవి. పైకి వచ్చిన పాలు తిరిగి కిందికే జారుతవి. బోర్లా ఉన్నప్పుడు శ్వాసనాళము కిందికి వస్తుంది. పాలు దానిలోకి పోవుట అప్పుడే సులువు.

మెత్తదనము రెండవ శత్రువు. బూరుగు దూదిలో ముఖము దిగబడితే బిడ్డ తాను విడిచిన గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తుంది. తల తిప్పుకొనే బలము దానికి లేదు. అందుచేత బిడ్డ పరుపు గట్టిగా, సమముగా ఉండవలె. చేయి ఎత్తగానే గుంట పూడిపోవలె. దిండు, బొంత, బొమ్మ, అంచులకు కట్టే మెత్తలు ఏవీ లోపల పనికిరావు. మన ఇండ్లలో తల గుండ్రముగా రావలెనని ఆవాల దిండు పెట్టే అలవాటు ఉన్నది. దాని మీద ప్రేమ ఎంత ఉన్నా నిద్రలో అది వద్దు. తల ఒకవైపు అణగకుండా ఉండుటకు, మెలకువగా ఉన్నప్పుడు, పెద్దలెవరైనా ఎదుట కూర్చుండగా, కాసేపు బోర్లా వేసి ఆడిస్తే చాలును. నేను ఇది వివరిస్తూండగానే అమ్మ అప్పటికే కుట్టి ఉంచిన దిండు కుట్లు విప్పి, ఆవాలు పోపులపెట్టెలో పోసినది.

ఇక చీర ఉయ్యాల. పొలము పనికి పోయిన తల్లి చెట్టుకొమ్మకు చీర కట్టి బిడ్డను చీమలనుండి, పురుగులనుండి కాపాడుకొన్నది. దానిని నేను తక్కువ చేయను. కాని చీరలో బిడ్డ వీపు విల్లువలె వంగి, గడ్డము రొమ్ముకు ఆనుతుంది. పసివాని శ్వాసనాళము సన్నము, మెత్తన. మెడ వంగితే అది నొక్కుకుపోతుంది. ఈ కారణముచేతనే అమెరికాలో 2022లో చేసిన చట్టము, పది డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశువుల పడకలను అమ్మరాదన్నది. అంచులకు కట్టే మెత్తలను కూడా ఆ చట్టమే నిషేధించినది. మధ్యాహ్నము ఊపుతూ కూర్చున్న తల్లి కంటి ముందర చీర ఉయ్యాల వేరు, అర్ధరాత్రి అందరూ నిద్రించిన ఇంటిలో చీర ఉయ్యాల వేరు. నా భార్య దీనికి ఒప్పుకొనుటకు రెండు రోజులు పట్టినది.

ఇంతవరకు మన అలవాట్లలోని లోపాలే చెప్పినాను. ఒక్క విషయములో మాత్రము మన పెద్దలదే పైచేయి. బిడ్డను వేరు గదిలో పడుకోబెట్టవలెనన్న ఆలోచన మన ఇండ్లలో ఎవరికీ రాలేదు. పాశ్చాత్యులు పసిపిల్లలకు వేరు గది అలంకరించుట నాగరికత అనుకొన్నారు. అమెరికా శిశువైద్యుల సంఘము 2022లో, కనీసము ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వారి మంచానికి దగ్గరగా, అయితే తనకు వేరుగా ఉన్న పడక మీద పడుకోవలెనని చెప్పినది. ఒకే పడక మీద పడుకొనుట గురించి వైద్యులలో కొంత భేదమున్నది. బ్రిటనులో 2021 నాటి మార్గదర్శకాలు దానిని పూర్తిగా నిషేధించక, జాగ్రత్తలు బోధించమన్నవి. బిడ్డ తక్కువ బరువుతో పుట్టినప్పుడు, పక్కనున్నవారు పొగ తాగేవారైనప్పుడు, మద్యమో మత్తు కలిగించే మందులో తీసుకొన్నప్పుడు మాత్రము ఒకే పడక కూడదని గట్టిగా చెప్పినవి.

దగ్గరగా, కాని వేరుగా: ఈ రెండింటినీ కలిపిన ఉపాయము న్యూజిలాండులోని మావోరీలు కనిపెట్టినారు. వారిలో తల్లీబిడ్డలు ఒకే పడక మీద నిద్రించుట తరతరాల ఆచారము. ఆకస్మిక శిశుమరణాలు కూడా వారిలోనే ఎక్కువ. ఆచారము మానమంటే ఎవరూ వినలేదు. అప్పుడు, 2006 ప్రాంతములో, డేవిడ్ టిపెన్-లీచ్ అనే మావోరీ వైద్యుడు అల్లికపనివారితో కలిసి, అక్కడి నారమొక్క ఆకులతో చిన్న బుట్టపడక అల్లించినాడు. దాని పేరు వహకూరా. పెద్దల పడక మీదనే దానిని పెట్టుకొంటారు. బిడ్డ తల్లి పక్కనే ఉంటుంది, తన గట్టి అడుగు మీద తాను పడుకొంటుంది. పక్కతొట్టిలోని ఆలోచన కూడా ఇదే.

మా అమ్మాయి కోరిక ఫ్యాషను కాదని నాకు అర్థమైనది ఆమె కాన్పు తరువాతనే. ఆపరేషను చేసినారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 2019–21లో తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశులో 42.4 కాన్పులు ఆపరేషనుతోనే జరిగినవి. కుట్లు మానని పొట్టతో రాత్రి నాలుగుమార్లు లేచి, వంగి, తొట్టిలోని బిడ్డను ఎత్తుకొనుట ఎంత బాధో మగవారమైన మనకు తెలియదు. పక్కతొట్టి ఉంటే తల్లి ఒత్తిగిలి చేయి చాస్తే చాలును. పాలిచ్చి మళ్లీ అటు జరుపుతుంది. నిద్రమత్తులో బిడ్డను పొట్టమీద ఉంచుకొనే ఒరిగిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.

కాని కొనేముందు కొలవవలె. అంగడిలో ఉన్న కుర్రవాడు చక్రాలు, సంచులు, జేబులు చూపించినాడు గాని మా మంచము ఎత్తు ఎంతో అడగలేదు. తొట్టి పరుపు, తల్లి పరుపు ఒకే మట్టములో ఉండవలె. మా పట్టెమంచము మీద రెండు పరుపులు ఉండుటచేత తొట్టి మూడు అంగుళాలు కిందికి వచ్చినది. ఒక పరుపు తీసివేస్తే సరిపోయినది. నవారు మంచమైతే తల్లి పడుకొనగానే మట్టము మారిపోతుంది, దానికి పక్కతొట్టి కుదరదు. రెండవది సందు. తొట్టికీ మంచానికీ నడుమ వేలెడు చోటు కూడా ఉండరాదు. ఆ సందులోనే బిడ్డ ముఖము ఇరుకుతుంది. దానిని పాత చీరతో పూడ్చుటకు చూడరాదు. తొట్టితో వచ్చిన పట్టీలతో మంచానికి బిగించి, రోజూ రాత్రి లాగి చూడవలె. తొట్టి లోపలి పరుపుకూ గోడకూ నడుమ కూడా రెండు వేళ్లు దూరరాదు. దించే గోడ గట్టితనము మరీ ముఖ్యము. పక్క దించే గోడలుండే తొట్లను అమెరికాలో 2011లో నిషేధించినారు. కొక్కేలు ఊడి, గోడ సగము వేలాడి, 2000 నుండి ముప్పయిమందికి పైగా శిశువులు పోయినారు. అందుకని తల్లి దగ్గర లేనప్పుడు గోడ పైకెత్తి, గడియ పడిన చప్పుడు వినవలె. దోమతెర బిగుతుగా ఉండవలె, బిడ్డ మీదికి జారరాదు. మన ఎండలలో ఇంటిలో కుళ్లాయి అక్కరలేదు. ఉక్క కూడా పసివారికి ప్రమాదమే.

ఇదంతా డబ్బున్నవారి ముచ్చట అని ఎవరైనా అనవచ్చు. ఫిన్లాండులో 1938 నుండి పేద తల్లులకు, 1949 నుండి తల్లులందరికీ ప్రభుత్వము బట్టలతో నిండిన అట్టపెట్టె ఇస్తున్నది. అడుగున చిన్న పరుపు ఉంటుంది. ఆ దేశములో ఎందరో బిడ్డలు మొదటి నెలలు అట్టపెట్టెలోనే నిద్రించినారు. తల్లి చాప మీద పడుకొనే ఇంటిలో, ఆ చాప పక్కనే పలుచని గట్టి పరుపు ఒకటి వేరుగా పరచి బిడ్డను వెల్లకిల పడుకోబెడితే, మా తొట్టి చేసిన పని అది కూడా చేస్తుంది.

ఇరవై యొకటవ నాడు బారసాలకు టేకు తొట్టినే వేలాడగట్టినాము. చువ్వలకు లోపల కొత్త బట్ట బిగించి చుట్టి, పగటివేళ, పదిమంది చుట్టూ నిలుచుండగా, గంటసేపు బిడ్డను అందులో వేసినాము. పాటలు పాడినవారిలో మా అమ్మ గొంతే పెద్దది. సాయంకాలము తొట్టి అటక ఎక్కినది.

అయిదవ నెలలో ఒకనాటి ఉదయము పిల్ల తనంతట తాను బోర్లా పడినది. ఆచారము ప్రకారము ఇంటిలో బొబ్బట్లు చేసినారు. పక్కతొట్టి పని కూడా ఆనాటితో సరి. దొర్లే బిడ్డకు అది చాలదు, ఎత్తైన గోడలున్న తొట్టి కావలె. పట్టీలు విప్పుతూ ఉంటే అమ్మ వచ్చి, ఖాళీ అయిన ఆ చిన్న పరుపును అరచేతితో నొక్కి, గుంట పూడుతున్నదో లేదో చూచి, మళ్లీ నొక్కి చూచినది.