ఆకు మాడితే పసుపు ఎంత తగ్గును? నష్టపు లెక్కలలో తిరకాసు

చేలలో మచ్చ కనబడిన ఏడు, కార్తీకం దాటేసరికి పసుపు బజారులో ‘పంట సగమే’ అన్న మాట పుడుతుంది. ఆ మాట దుగ్గిరాల నుంచి నిజామాబాదు చేరే లోపల సగం కాస్తా పాతిక అవుతుంది. వాయిదా ధారణ లేస్తుంది. తీరా సంక్రాంతి వెళ్లి కొత్త సరుకు రాక మొదలయ్యాక, హెచ్చు ధరకు కొన్న స్టాకిస్టు తల పట్టుకొంటాడు.

చేలు మాడడం అబద్ధం కాదు. ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో ముసురు పట్టితే శిలీంధ్రం వల్ల తాటాకు తెగులు సోకుతుంది. బూడిదరంగు నడుమతో, పసుపు అంచుతో కోలమచ్చలు పడి, అవి కలిసిపోయి ఆకు ఎండుతుంది. మందు కొట్టని చేలలో దిగుబడి సగానికి పైగా పోయిన సందర్భాలు పరిశోధనలలో వున్నవి. బ్రోకర్లు వల్లించేది దానినే. అది అతి చెడ్డ చేను సంగతి, జిల్లా సగటు కాదు.

ఎంత ఆకు పోయినదనే దానికంటే ఎప్పుడు పోయినదనేది ముఖ్యం. జూన్‌లో విత్తిన చేనులో నాలుగో నెల దాటాక దుంప ఊరుతుంది. అంతకు ముందే ఆకు పోతే కొమ్ముకు బలం అందదు. జనవరికి ఆకు ఎలాగూ పండి వాలుతుంది. కారులోంచి చూసి వెళ్లే వారికి రెండూ ఒకే రంగు!

100 ఎకరాల ఊరిలో 40 ఎకరాలకు తెగులు సోకి, ఆకు సగం ఎండినదనుకొందాం. పంట 20 శాతం పోయినదని బజారు తేల్చివేస్తుంది. ఆ 40లో 30 ఎకరాలకు మచ్చ డిసెంబరులో వచ్చివుంటే? అప్పటికి దుంప చాలావరకు ఊరివుంటుంది. మిగిలిన 10 ఎకరాలలో సగం పోయినా ఊరి మొత్తం మీద 5 శాతమే. ఆ 30 ఎకరాల తరుగు కొద్దిగా కలిపినా 20కి చాలా దూరం.

పచ్చి దుంప తూచి లెక్కకట్టే వారిది మరొక పొరబాటు. 100 క్వింటాళ్ల పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే వచ్చేది సుమారు 20 క్వింటాళ్లు. ముందుగా తెగులు తగిలిన చేనులో కొమ్ము ఊరక ఆ పాలు కూడా పడిపోతుంది. అక్కడ నష్టం అంచనాను మించవచ్చు. మచ్చ వున్న చేనులోను, మందు కొట్టిన పక్క చేనులోను పదేసి కుదుళ్లు తవ్వించి, ఉడికించి, ఎండిన తరువాత తూచి చూడడం మేలు. రెండు వారాలు పడుతుంది, నిజమే. బజారు అంతవరకు ఆగదు.

దుంపకుళ్లు సంగతి వేరు. దానికీ ఆకు పసుపుబారుతుంది గాని, మొదలు మెత్తబడి, లాగితే మొక్క ఊడివస్తుంది. అక్కడ తూచడానికి సరుకే మిగలదు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టి కబురు పంపే ఏజెంటును, చేనులో మొక్క లాగి చూశావా అని ముందు అడగాలి.