మెటల్ డిటెక్టర్ ఊరికే మోగుతోందా? గునపం దించే ముందు ఇవి చూసుకోండి



ప్రకృతి వ్యవసాయంలో మెటల్ డిటెక్టర్‌తో ఏం పని అని కొందరు అడుగుతున్నారు. ఆవు ఉన్న ఇంట్లో దానికి పని ఉంది. ఆవు మేకలాగా ఏరుకుని తినదు కదా. నాలుకతో చుట్టి లాగి మింగేస్తుంది, నమలడం సంగతి తర్వాత చూసుకుంటుంది. గడ్డిలో కట్టుతీగ ముక్క ఉన్నా, మేకు ఉన్నా అలాగే లోపలికి పోతుంది. బరువుకి అది పొట్టలో రెండో గదిలో, తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉండే గదిలో పడిపోతుంది. ఆ గదికి ముందు ఒక పలుచని కండర పొర, దానికి అవతలే గుండె. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ ముందుకు గుచ్చుకుంటూ పోతుంది. మేత మానేయడం, వీపు వంచి నిలబడటం, పల్లం దిగనని మొరాయించడం, గంగడోలులో నీరు దిగడం... ఇవి కనపడే సరికి చాలాసార్లు చెయ్యి దాటిపోయి ఉంటుంది.

ఈ ఇనుము మనం తెచ్చి వేసిందే. పందిరి కూరగాయలకు కట్టిన జీఐ తీగ, కంచె ముళ్లతీగ, రోటావేటర్ బోల్టులు, పాత టైర్లు కాల్చిన చోట మిగిలే సన్నని ఉక్కు తీగలు. ఆ పైన చాఫ్ కట్టర్ ఒకటి, పొడుగు తీగ దొరికితే సూదుల్లాగా కోసి పెడుతుంది.

అందుకని చాలామంది చిన్న మిషను ఒకటి కొంటారు. మొదటి రోజు అది అడుగడుగునా మోగుతుంది. పది చోట్ల తవ్వితే రెండు చోట్ల కూడా ఏమీ దొరకదు. మూడో రోజుకి మిషను అటక ఎక్కుతుంది. నిజానికి చాలాసార్లు మిషను బాగానే ఉంటుంది. దేనికి మోగుతోందో కనుక్కోవడం రావాలి, అంతే. పైన వీడియోలో శబ్దాలు వినిపించాం. ఒకసారి విని, తర్వాత ఇది చదివితే తేలికగా అర్థమవుతుంది.

ముందు ఒక మాట. యూట్యూబ్‌లో కనపడే డిటెక్టర్ వీడియోలు ఎక్కువగా నాణేలు, నగలు వెతికేవాళ్లవి. వాళ్లకు ఇనుము చెత్త. అందుకే ‘డిస్క్రిమినేషన్ పెంచండి, ఇనుము శబ్దం పోతుంది’ అని చెబుతారు. మనకు కావలసింది ఆ ఇనుమే! వాళ్లు చెప్పినట్టు పెడితే మిషను ప్రశాంతంగా ఉంటుంది, మేకులు నేలలోనే ఉంటాయి. మనం ఆల్ మెటల్‌లో పెట్టుకోవాలి. ఆల్ మెటల్‌లో మిషను మట్టికి కూడా స్పందిస్తుంది, గోల ఎక్కువ. ఆ గోలను ఎలా తగ్గించాలన్నదే ఇప్పుడు మన పని.

గోల రాగానే అందరూ చేసేది సెన్సిటివిటీ తగ్గించడం. అది ఆఖరున చేయాల్సిన పని. సెన్సిటివిటీ తగ్గించగానే ముందు వినపడకుండా పోయేది అంగుళం పొడవు సన్న తీగే. రోటావేటర్ బ్లేడు ఎలాగూ వినపడుతుంది. ఆవును చంపేది తీగ, బ్లేడు కాదు. కాబట్టి ముందు గోలకు కారణం పట్టుకుని దాన్ని తీసేయాలి.

కారణం పట్టుకోవడానికి ఒక వరుస ఉంది. మిషను ఆన్ చేసి, కాయిల్‌ను నడుము ఎత్తులో గాలిలో పట్టుకుని, అస్సలు కదపకుండా నిలబడండి. కదపకుండానే మోగుతుంటే అది నేల కాదు, కరెంటు. డిటెక్టర్ తన కాయిల్‌లోంచి సెకనుకు వేలసార్లు మారే అయస్కాంత క్షేత్రాన్ని వదిలి, లోహం నుంచి తిరిగొచ్చేదాన్ని వింటుంది. చుట్టుపక్కల ఇంకేదైనా అలాంటిదే వదులుతుంటే దాన్నీ వింటుంది. పైన 11 కేవీ లైను, ట్రాన్స్‌ఫార్మర్, సోలార్ పంపు కంట్రోలర్, జేబులో సెల్ ఫోను, పక్క మడిలో ఇంకొకరి డిటెక్టర్, ఏదైనా కావచ్చు. సుమారు సెకనుకొకసారి తూకంగా టిక్, టిక్ అని వస్తుంటే సోలార్ కంచె మిషను అనుకోండి, కంచెకు కరెంటు అలాగే దెబ్బ దెబ్బగా వెళుతుంది. పగలు పని చేసేటప్పుడు కాసేపు కంచె, మోటారు ఆపేయండి. మిషనుకు నాయిస్ క్యాన్సిల్ గానీ, ఫ్రీక్వెన్సీ మార్చే బటన్ గానీ ఉంటే వాడండి. లైను కింద మాత్రం చేయగలిగింది తక్కువ, అక్కడ సెన్సిటివిటీ తగ్గించక తప్పదు.

కదపకుండా ఉంటే నిశ్శబ్దం, గాలిలోనే ఊపితే మోత వస్తోందా? అప్పుడు తప్పు మిషను మీదో, మన ఒంటి మీదో ఉంది. కాయిల్ వైరు రాడ్‌కు గట్టిగా చుట్టి ఉండాలి. వేలాడుతూ ఊగితే అదే దొంగ సిగ్నల్ ఇస్తుంది. కాయిల్ మూతలో ఇసుక, తడి మట్టి చేరినా కడిగి ఆరబెట్టాలి. ఇక ముందు ఇనుముండే బూట్లు, మొలలో కత్తి, చేతి కడియం చూసుకోండి. ఆడవాళ్లు ఊపుతుంటే మెట్టెలు, పట్టీలు ఉన్న కాలు కాయిల్ దగ్గరికి వచ్చినప్పుడల్లా మోగుతుంది. పార భుజాన వేసుకోకుండా నాలుగడుగులు వెనక పెట్టి రండి.

గాలిలో అంతా బాగుండి, నేలకు దించగానే మొదలైతే అది మట్టి. మన దగ్గర ఎక్కువ తలనొప్పి ఇదే.

ఎర్ర నేలల్లో, మొరం దిబ్బల్లో ఇనుము ఖనిజం ఉంటుంది. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి బసాల్టు రాయి అరిగి ఏర్పడింది, అందులోనూ అయస్కాంత గుణం ఉన్న ఖనిజం ఉంటుంది. మీ మట్టి సంగతి తెలియాలంటే పాత స్పీకర్ మాగ్నెట్‌ను ప్లాస్టిక్ కవరులో పెట్టి పొడి మట్టిలో లాగండి. నల్లని సన్న రవ్వ మీసాల్లాగా అంటుకుని వస్తే డిటెక్టర్‌కు ఆ నేల కష్టమే. కొన్ని గులకరాళ్లు కూడా మాగ్నెట్‌కు అంటుకుంటాయి, అవి అచ్చం లోహంలాగే మోగుతాయి. దొరికిన రాయిని పారేయకుండా జేబులో వేసుకుంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది (ఊపేటప్పుడు మాత్రం జేబులోంచి తీసేయండి).

కాలిన మట్టి గురించి చాలామందికి తెలియదు. మామూలు మట్టిలో నిద్రపోయినట్టుండే ఐరన్ ఆక్సైడు, సేంద్రియ పదార్థంతో కలిసి కాలితే బలంగా అయస్కాంత గుణం ఉన్న రూపంలోకి మారుతుంది. పత్తి కట్టె కుప్ప వేసి తగలబెట్టిన చోటు, పాత ఇటుకల బట్టీ, పొయ్యి గడ్డ, పాటిమట్టి దిబ్బ మీద కుండ పెంకులు ఇవన్నీ మోగుతాయి. ఇనుము లేకుండానే మోగుతాయి. కానీ టైర్లు కాల్చిన చోట మాత్రం మట్టి అనుకుని వదిలేయొద్దు, అక్కడ మట్టీ మోగుతుంది, తీగా మోగుతుంది. అక్కడ మాగ్నెట్టే తీర్పరి.

చౌడు నేల సంగతి వేరు. అక్కడ ఉప్పు తడిసి కరెంటును పారించడం వల్ల శబ్దం వస్తుంది. ఆరిన తర్వాత చాలావరకు తగ్గుతుంది. నీళ్లు పెట్టిన మర్నాడు కాకుండా మడి ఆరాక వెళ్లండి.

మట్టి గోలకు మందు గ్రౌండ్ బ్యాలెన్స్. లోహం లేదని నమ్మకమున్న చోట కాయిల్‌ను జానెడు ఎత్తు నుంచి రెండు వేళ్ల ఎత్తు వరకు, రోకలి దంచినట్టు పైకీ కిందికీ కదుపుతూ, రెండు చోట్లా శబ్దం ఒకేలా వచ్చేదాకా సరిచేయాలి. ఎర్ర చెలక దాటి నల్ల మడిలోకి వెళితే మళ్లీ చేయాలి. ఈ సౌకర్యం లేని చౌక మిషను అయితే కాయిల్‌ను నేలకు రాపాడించకుండా రెండు మూడు వేళ్ల ఎత్తులో ఊపండి. ఊపు చివర చెయ్యి పైకి లేస్తే అక్కడ మోగుతుంది, గమనించండి. కొడవలి ఊపులా కాకుండా నేలకు సమంగా, చీపురు పట్టినట్టు పోవాలి.

ఇవన్నీ అయ్యాక కూడా మోగిందా, అప్పుడు తవ్వాలా వద్దా? ఒకసారి ఊపి మోగితే నమ్మొద్దు. అక్కడే నిలబడి అడ్డంగా ఊపండి, తర్వాత తొంభై డిగ్రీలు తిరిగి నిలువుగా ఊపండి. రెండు వైపులా ఒకే చోట మోగి, కాయిల్ ఎత్తుతుంటే మెల్లగా తగ్గితే లోహం. ఒక వైపే మోగి, చోటు మారుతూ, కాస్త ఎత్తగానే మాయమైతే మట్టి. ఇనుములోనూ మాయలున్నాయి. అడ్డంగా పడుకున్న మేకును పొడవు వెంట ఊపితే రెండు బీప్‌లు రావచ్చు, రెండు మేకులనుకుంటాం. పలుచని రేకు, పార ముక్క, డిస్క్ ముక్క లాంటివి వెండి నాణెంలాగా తీయగా మోగుతాయి. తెర మీద అంకె చూసి లంకెబిందె అనుకోకండి. మందు సీసాల సీలు రేకు కూడా అంతే, గాలికి పక్క పొలం నుంచి మనకు వచ్చే కానుక!

తవ్వాక గుంటలో శబ్దం ఆగిపోతే ముందు తీసిన మట్టి కుప్పను చూడండి, ముక్క అందులోనే ఉంటుంది. మాగ్నెట్‌తో కుప్పను కలియబెడితే నిమిషంలో దొరుకుతుంది. అప్పటికీ లేకపోతే, తుప్పు పట్టి మట్టిలో కలిసిపోయిన మేకు కావచ్చు.

మోగకపోవడం కూడా తప్పుడు సిగ్నలే అవుతుంది. మీ మట్టిలోనే రెండంగుళాల మేకు ఒకటి, అంగుళం కట్టుతీగ ముక్క ఒకటి వేర్వేరు లోతుల్లో పాతి, పుల్లలు గుచ్చి, మీ మిషను ఎక్కడిదాకా వింటుందో చూసుకోండి. సన్న తీగ మామూలు మిషనుకు పై పొరలో ఉంటేనే దొరుకుతుంది. అందుకే డిటెక్టర్ తిప్పామని ఊరుకోకుండా చాఫ్ కట్టర్ నోటి దగ్గర మాగ్నెట్ పట్టీ బిగించండి. ఆవు పొట్టలో ఉండిపోయే మాగ్నెట్ గురించి పశువైద్యుడిని అడగండి. నోటి ద్వారా వేస్తారు, రెండో గదిలో ఉండి ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుంది. రాగి, అల్యూమినియం దానికి అంటవు.

వజ్రకరూరు, జొన్నగిరి వైపు మిత్రులు అడుగుతారని చెబుతున్నాను: వజ్రం లోహం కాదు, ఇది దానికి మోగదు. పొలంలో పాత నాణేల కుండ లాంటిది బయటపడితే మాత్రం 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలపాలి. పది రూపాయల విలువ దాటితే చాలు, ఆ చట్టం వర్తిస్తుంది. రక్షిత కట్టడాలు, పాత కోటల దగ్గర మిషను తీయనే తీయకండి.

తిప్పడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, చాఫ్ కట్టర్ చుట్టూ, గడ్డివాము అడుగున, పందిరి వరుసల మధ్య, కంచె వెంట రెండు గజాలు. ఆ తర్వాతే పశుగ్రాసం మడి. ఏరిన ముక్కలు గట్టు మీద పెడితే వానకు మళ్లీ మడిలోకే వస్తాయి, మూత ఉన్న డబ్బాలో వేసి పాత ఇనుము అతనికి ఇచ్చేయండి.