సోర్సుంది, కంపైలరుంది, అనుమతే లేదు

దోహా దక్షిణాన ఉన్న అబూ హమూర్‌లో ఒక తెలుగు ప్రోగ్రామర్ తన లినక్స్ ల్యాప్‌టాప్ మీద తెలుగు నిఘంటువు యాప్ రాసి, ఓపెన్ సోర్స్‌గా పెట్టాడనుకుందాం. ఊళ్లో అన్న విండోస్ వాడతాడు, వదినది ఐఫోన్. ఒక యంత్రం మీద కూర్చుని మరో రకం యంత్రానికి ప్రోగ్రాం తయారుచేయడాన్ని క్రాస్ కంపైల్ అంటారు. విండోస్‌కైతే పెద్ద చిక్కు లేదు. మైక్రోసాఫ్ట్ హెడర్ ఫైళ్లకు బదులు మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 ప్రాజెక్టు స్వచ్ఛంద సేవకులు సొంతంగా రాసినవి అందరికీ అందుబాటులో ఉన్నాయి. బండి ఐఫోన్ దగ్గర ఆగుతుంది, అదీ సాంకేతిక కారణంతో కాదు. క్లాంగ్ కంపైలర్ లినక్స్ నుంచే యాపిల్ పరికరాలకు కోడ్ వండగలదు. దాన్ని పెంచినవాళ్లలో యాపిల్ కూడా ఉందన్నది వేరే విడ్డూరం. ఫోన్‌లోని లైబ్రరీలను పిలిచేందుకు కావలసిన ఎస్‌డీకేని యాపిల్ ముద్ర ఉన్న కంప్యూటర్‌లోనే వాడాలని ఒప్పందం అంటుంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

ఇలాంటి యాప్‌లు ఐఫోన్‌కు చేరకపోతే తప్పు యాపిల్‌ది కాదు, ఓపెన్ సోర్స్ లైసెన్సులదే, అవి మరీ బిగువు అనేవాళ్లున్నారు. వాళ్లు చూపే సాక్ష్యం వీఎల్‌సీ ప్లేయర్. అది 2010లో యాప్ స్టోర్‌కెక్కింది. దాని లైసెన్సు జీపీఎల్ ప్రకారం, పుచ్చుకున్నవాడి మీద కొత్త ఆంక్షలు పెట్టకూడదు. స్టోర్ నిబంధనలేమో వాడకానికి హద్దులు గీశాయి. వీఎల్‌సీ రచయితల్లో ఒకరైన రెమీ డెని-కూర్మో అభ్యంతరం చెప్పగా, 2011 జనవరిలో యాప్ మాయమైంది. ఎవరు రాసిన కోడ్‌పై వాళ్లకే హక్కు గనుక, లైసెన్సు మార్చడానికి రచయితలను వెతికి పట్టుకుని ఒప్పించాల్సి వచ్చింది. 2013 జూలైలో గానీ వీఎల్‌సీ తిరిగి రాలేదు. నా దృష్టిలో ఈ సాక్ష్యం వాళ్ల వాదనకే ఎదురు తిరుగుతుంది. జీపీఎల్ కాపాడింది వాడుకరి స్వేచ్ఛను. దారిచ్చి పక్కకు తప్పుకున్నది జీతం లేని రచయితలు, స్టోర్ కాదు.

యాపిల్ కంప్యూటర్‌లోనే తయారుచేయాలన్న కట్టడి భద్రత కోసమే అన్న మాటను కొట్టిపారేయలేం. నకిలీ యాప్‌ల బెడద నిజమే. కానీ ఫోన్ తనిఖీ చేసేది డిజిటల్ సంతకాన్ని. యాప్ ఏ కంప్యూటర్ మీద తయారైందన్నది దానికి అక్కర్లేదు. బహిరంగ ప్రాజెక్టులకు కోడ్ వేదిక గిట్‌హబ్ మ్యాక్ యంత్రాలను ఉచితంగా ఇస్తోంది కదా అంటే, అది ఒకరి దయ, రేపు ఆగిపోనూవచ్చు. పైగా స్టోర్‌లో పెట్టాలంటే ఏటా 99 డాలర్ల సభ్యత్వం కట్టాలి. ఎవరి మ్యాకో అరువు తెచ్చుకుని ఉచిత ఖాతాతో సంతకం చేస్తే గడువు ఏడు రోజులే. ఎనిమిదో రోజున వదిన ఫోన్‌లో నిఘంటువు తెరుచుకోదు.