వెస్టర్న్ స్వింగ్ గిటార్: మూడు తీగలు, నాలుగు దెబ్బలు

జి, సి, డి కార్డులు వచ్చేశాయి, నాలుగు సినిమా పాటలు కొట్టేశాం, ఇంకేం నేర్చుకోవాలో తెలీక గిటార్ మూలన పెట్టేశాం అని చాలామంది మెసేజ్ చేస్తుంటారు. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసమే.

వెస్టర్న్ స్వింగ్ 1930లలో అమెరికాలోని టెక్సాస్, ఓక్లహోమా వైపు పెరిగిన డాన్స్ మ్యూజిక్. ఊళ్లలో వాయించే ఫిడిల్ ట్యూన్లు, బ్లూస్, అప్పటి జాజ్ అన్నీ ఇందులో కలిసిపోయాయి. మిల్టన్ బ్రౌన్, బాబ్ విల్స్ అనే ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి. మొదట్లో ఇద్దరూ ఒకే బ్యాండ్, అదీ ఒక పిండి కంపెనీ ప్రచారం కోసం రేడియోలో వాయించిన బ్యాండ్! తర్వాత మిల్టన్ బ్రౌన్ పెట్టుకున్న బ్యాండ్‌లో డ్రమ్స్ లేవు. హాల్లో జనం డాన్స్ చెయ్యాలి, డ్రమ్మర్ లేడు. మరి తాళం ఎవరు పట్టాలి? గిటారే పట్టాలి.

అందుకే మనం ముందు కుడిచేతి సంగతి చూద్దాం. మనకి అలవాటైన డౌన్-అప్ స్ట్రమ్మింగ్ ఇక్కడ వద్దు. బార్‌కి నాలుగు దెబ్బలు, నాలుగూ కిందికే. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ కాస్త గట్టిగా. కొట్టిన వెంటనే ఎడమచేతి వేళ్లని తీగల మీద నుంచి ఎత్తకుండా పట్టు మాత్రం వదలండి. "చక్" అని ఆగుతుంది చూశారా, ఆ ఆగడమే స్వింగ్. అది రాకుండా ఎంత కష్టమైన కార్డ్ పట్టినా వేస్టే అని నా అభిప్రాయం.

ఇప్పుడు ఎడమచెయ్యి. ఆరు తీగలూ నొక్కక్కర్లేదు. ఆరో తీగ అంటే అన్నిటికంటే లావుది, దాంతో పాటు నాలుగు, మూడు. అంతే. ఐదో తీగని ఆరో తీగ మీదున్న వేలితోనే తాకి మూసెయ్యండి. సన్నవి రెండూ మోగకూడదు.

ఫ్రెట్ నంబర్లు ఆరు, నాలుగు, మూడు తీగల వరసలో చెప్తాను, రాసుకోండి. 3-2-4 జి సిక్స్త్. 7-5-7 జి కార్డే, కానీ బేస్‌లో బి. 8-7-9 సి సిక్స్త్. 9-8-9 సి షార్ప్ డిమినిష్డ్. ఒక్కో దెబ్బకి ఒక్కో కార్డ్. తర్వాతి బార్ మొదటి దెబ్బకి 10-9-9, అంటే మళ్లీ జి సిక్స్త్, బేస్‌లో డి. పాటలో ఉన్నది ఒక్క జి కార్డే, కానీ కింద బేస్ మెట్లెక్కుతూ పోతోంది. డిమినిష్డ్ ఒక్కటే విడిగా కొడితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కంగారుపడకండి, అది పక్క మెట్టుకి దారి మాత్రమే.

బాబ్ విల్స్ బ్యాండ్ టెక్సాస్ ప్లేబాయ్స్‌లో ఎల్డన్ షాంబ్లిన్ అనే గిటారిస్ట్ ఇలా కదిలే కార్డులకే పేరు తెచ్చుకున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫిడిల్‌ని పక్కన పెట్టి అతని గిటార్ ఒక్కటే వెతకండి. మొదట వినపడదు. జాజ్‌లో కౌంట్ బేసీ బ్యాండ్ గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్‌ని కూడా వినండి, ఇద్దరిదీ దగ్గరి దారి.

ఫోన్లో మెట్రోనోమ్ యాప్ 40లో పెట్టండి. ఆ క్లిక్‌ని ఒకటి అనుకోవద్దు, రెండు, నాలుగు అనుకోండి. మొదటి రోజు తికమకపడతారు, నవ్వొస్తుంది కూడా. చెయ్యి నొప్పెడితే ఆపెయ్యండి, పట్టు ఎక్కువైందని అర్థం.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే నడకని డి సెవెన్ మీదకి తీసుకెళ్దాం. గిటార్ ట్యూన్ చేసుకుని రండి.