ఇంగ్లీష్ బీఏ, ఎంఏ అంటే స్పోకెన్ ఇంగ్లీష్ కాదు

ఇంటర్ ఫలితాలు రాగానే రొళ్ల మండలంలోని ఇళ్లలో కూడా అదే చర్చ: ఇక ఏం చదివించాలి? అమ్మాయి ఇంగ్లీష్ సాహిత్యం చదువుతానంటే పెద్దలు "అది చదివితే ఏమొస్తుంది?" అంటారు. "పోనీలే, ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతుంది" అని ఎవరో సర్దిచెబుతారు. అసలు చిక్కు ఈ రెండో మాటతోనే.

బీఏ ఇంగ్లీష్ అయినా ఎంఏ అయినా మాట్లాడటం నేర్పే కోర్సు కాదు. అక్కడ ఉండేవి నాటకాలు, నవలలు, కవిత్వం, విమర్శ, భాషాశాస్త్రం. చదవాల్సిన పేజీలు చాలా ఎక్కువ. మాట కోసమే చేరినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే డీలా పడతారు. చేరే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ఆర్.కె.నారాయణ్ 'మాల్గుడి డేస్' తీసుకుని, గైడు లేకుండా ఓ ముప్పై పేజీలు చదవాలి. అన్ని మాటలూ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. తర్వాత కథ చదవాలనిపిస్తోందా లేదా, అదే ముఖ్యం.

ఎక్కడ చదవాలి? అనంతపురంలో 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. 2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఆ జిల్లాలోనే ఉంది. హైదరాబాద్‌లోని ఇఫ్లూ 1958 నుంచి ఇంగ్లీష్ బోధనకే పెట్టింది పేరు. అక్కడి మనూలోనూ ఎంఏ ఇంగ్లీష్ ఉంది, కానీ అందులో చేరాలంటే ఏదో ఒక దశలో ఉర్దూ చదివి ఉండాలి. నిజానికి రొళ్లకు అనంతపురం కన్నా తుమకూరే దగ్గర.

టీచర్ ఉద్యోగం మీద ఆశ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. డిగ్రీలో అందరికీ ఉండే జనరల్ ఇంగ్లీష్ వేరు, సాహిత్యం ప్రధాన సబ్జెక్టుగా చదవడం వేరు. బీఈడీలో ఇంగ్లీష్ మెథడాలజీకి ఏది అడుగుతున్నారో నోటిఫికేషన్‌లో ముందే చూసుకోవాలి. డిగ్రీ కాలేజీలో లెక్చరర్ కావాలంటే సాధారణంగా ఎంఏ తర్వాత నెట్ లేదా సెట్ రాయాలి.

క్లాసులో కూర్చున్నాక ఎక్కువగా భయపెట్టేది ఉచ్చారణ. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ వినిపించే ఈ సరిహద్దు పల్లెల పిల్లలు తమ భాషలే అడ్డమనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. తెలుగు, కన్నడ ఇళ్ల పిల్లలు 'బస్సు' అని చివర అచ్చు చేరుస్తారు. ఉర్దూ ఇళ్లలో చాలామంది 'ఇస్కూల్' అని ముందు చేరుస్తారు. అయితే 'జిందగీ', 'ఫిక్ర్' అనే నోటికి ఇంగ్లీష్ 'జీరో', 'ఫ్యాన్'లలోని ధ్వనులు ముందే అలవాటు. తెలుగు పిల్లలు వాటిని ప్రత్యేకంగా సాధన చేయాలి. ధ్వనిశాస్త్రం పేపర్‌లో చెప్పేది చాలావరకు ఇలాంటి తేడాలే. రెండు మూడు భాషలు విని పెరిగినవాళ్లకు అది తొందరగా పట్టుబడుతుంది.

పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు అక్కడే ఒక దొరసాని దగ్గర ఇంగ్లీష్ సాహిత్యం చదువుకున్నారు. ఆ తెలుగు పండితుడే తర్వాత 'లీవ్స్ ఇన్ ద విండ్' పేరుతో ఇంగ్లీషులో కవితలు రాశారు.

మొదటి రెండు నెలలు మాత్రం కష్టమే. పాఠం ముందురోజే ఒకసారి చదువుకుని వెళ్తే క్లాసులో సగం భయం పోతుంది. విన్నది ఆ రాత్రే సొంత మాటల్లో పది వాక్యాలు రాసుకోవాలి, తప్పులున్నా సరే. బజారు నోట్సు బట్టీపడితే మార్కులు రావచ్చు కానీ, సెమినార్‌లో నిలబడి "ఈ పాత్ర ఎందుకలా చేసింది?" అన్న ప్రశ్నకు జవాబు అందులో దొరకదు.