బ్యాటరీ రక్షణకు రెండు హద్దులు

కరెంటు పోయిన పిమ్మటను టెలిఫోను పలుకుచునే యుండును. ఎక్స్ఛేంజి భవనములోనో, సెల్‌ఫోను టవరు క్రిందనో అమర్చిన బ్యాటరీలు ఆ భారమును వహించును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తుతోపాటు టెలిఫోను సౌకర్యమును దెబ్బతినెను. అయినవారి క్షేమము తెలియక దూరప్రాంతములవారు తల్లడిల్లిరి. అట్టి వేళ బ్యాటరీని ఎంతవరకు వాడవలెను, ఎక్కడ ఆపవలెను అనునది చిన్న ప్రశ్న కాదు.

టెలిఫోను యంత్రములు సాధారణముగా 48 వోల్టుల డీసీ విద్యుత్తుతో నడచును. రెండేసి వోల్టుల సీసపు ఘటములను 24 వరుసగా కలిపినచో ఈ 48 వోల్టులు లభించును. మెయిన్సు ఉన్నంతసేపు రెక్టిఫయరు ఏసీని డీసీగా మార్చి యంత్రములను నడపుచు, బ్యాటరీని సుమారు 54 వోల్టుల వద్ద నిండుగా నిలుపును. మెయిన్సు పోయిన మరుక్షణమే భారమంతయు బ్యాటరీపై పడి, వోల్టేజి క్రమముగా దిగజారును.

ఘటమొక్కింటికి 1.8 వోల్టులు, అనగా మొత్తము 43.2 వోల్టులు మిగిలినప్పుడు ఆగుట మేలు. ఆపైన పిండినచో దక్కునది స్వల్పము, నష్టము అధికము. విద్యుత్తు వాడుకొలది పలకలపై సీసపు సల్ఫేటు ఏర్పడుట సహజమే. వెంటనే ఛార్జి చేసినచో అది కరగిపోవును. మితిమీరి వాడి, అట్లే విడిచినచో గట్టిపడి, మరల కరగదు. బలహీనమైన ఘటము ధ్రువములు తారుమారై మరింత చెడును.

కావున రెండు హద్దులు ఏర్పరుతురు. మొదటిది హెచ్చరిక, రెండవది విడదీత. ఈ రెండింటి నడుమనున్న వ్యవధియే జనరేటరు నడుపు మనిషికి దక్కిన సమయము. హెచ్చరికను 44 వోల్టుల వద్ద ఉంచినచో అతడు వచ్చులోపలనే అంతయు ముగియును. 50 వద్ద ఉంచినచో, నిండు బ్యాటరీయైనను మెయిన్సు పోగానే ఆ ప్రాంతమునకు దిగును గనుక, ప్రతి చిన్న అంతరాయమునకును గంట మ్రోగును. “నాన్నా, పులి!” కథవలె తుదకు దానినెవ్వరు లెక్కచేయరు. 46, 47 వోల్టుల ప్రాంతము తగియుండును. హెచ్చరిక తీగ తెగినను గంట మ్రోగునట్లు అమర్చుట మరియొక జాగ్రత్త.

విడదీతలోను ఒక చిక్కు కలదు. భారము తొలగినంతనే బ్యాటరీ వోల్టేజి తనంత తానే కొంత పైకి లేచును. అది చూచి మీట మరల కలిపినచో వోల్టేజి పడిపోయి మరల విడిపోవును. ఈ ఆట తెగదు. అందుచే మెయిన్సు తిరిగివచ్చి 50 వోల్టులు దాటిన పిదపనే కలియునట్లు అమర్తురు. క్షణికమైన తగ్గుదలకు చలింపకుండ కొన్ని సెకండ్ల ఆలస్యమును ఉంచుదురు. తక్కువ ముఖ్యమైన యంత్రములను ముందుగా విడదీసి, ఇతర కేంద్రములు ఆధారపడిన యంత్రములను తుదివరకు నిలుపుట వివేకము. లిథియం బ్యాటరీల హద్దులు వేరు. వానికి తయారీదారుల అంకెలే ప్రమాణము.

అన్నిచోట్లను విడదీత తగదు. విద్యుత్ సబ్‌స్టేషనులో 110 వోల్టుల బ్యాటరీ, తీగ తెగిపడినప్పుడు బ్రేకరును తెరచి ప్రమాదమును ఆపును. దానినే విడదీసినచో కాపాడువారుండరు. కావున అచ్చట సాధారణముగా హెచ్చరికలతోనే సరిపుచ్చుదురు. బ్యాటరీ చెడినచో క్రొత్తది కొనవచ్చును. ప్రాణము అట్లు కాదు.

మన ఇండ్లలోని ఇన్వర్టరుకును ఇదే ధర్మము వర్తించును. ఆరు ఘటముల 12 వోల్టుల బ్యాటరీ 10.5 వోల్టుల ప్రాంతమునకు దిగినప్పుడు యంత్రము ఆగును. దానికి ముందు వినిపించు కూతను విని పంకాలు, అదనపు దీపములు ఆర్పవలెను. ఆగిన పిమ్మట మరల మరల మీట నొక్కి నాలుగు నిమిషముల వెలుగును రాబట్టుట, రేపటి రాత్రి వెలుగును ఈ రాత్రియే ఖర్చు చేయుట యగును.