ఉక్కునగరానికి పొరుగున ఏనుగుల సీమ

"సఫారీ" అనే మాట వినగానే మనలో చాలామందికి ఆఫ్రికా ఖండం, కనుచూపు మేర పరచుకున్న పచ్చికబయళ్ళు, గుంపులు గుంపులుగా సాగే మృగాలు మనస్సులో మెదలుతాయి. స్వాహిలీ భాషలో ఈ పదానికి ప్రయాణమని అర్థం. దీని మూలం అరబ్బీలో ఉన్నది. జంషెడ్‌పూర్ వీధులలో మనం నిత్యం వినే "సఫర్" అనే మాట దీనికి తోబుట్టువే. ఒకప్పుడు సఫారీ అంటే వేట. తుపాకులు, బోయీలు, గుడారాలతో నెలల తరబడి సాగే యాత్ర అది. కెన్యా ప్రభుత్వం 1977లో వేటను నిషేధించింది. తుపాకీ పోయి ఛాయాచిత్ర యంత్రం వచ్చింది కాని గుడారం మాత్రం నిలిచి ఉన్నది.

మసాయి మారా, సెరెంగెటి వంటి అభయారణ్యాలలో యాత్రికులు నేటికీ దళసరి కాన్వాసు గుడారాలలో బస చేస్తారు. అనేక చోట్ల శిబిరానికి కంచె ఉండదు. చీకటి పడిన తరువాత భోజనశాలకు వెళ్ళాలన్నా కావలివాడు వెంట రావలసిందే. తినుబండారాలు గుడారంలో ఉంచరాదు. రాత్రి ఏ చప్పుడు వినిపించినా తెర తీసి బయటకు రాకూడదు. అక్కడ మనిషి అతిథి, మృగమే గృహస్థు. ఆ శిబిరాలు నేర్పే మొదటి పాఠం ఇదే.

ఈ పాఠం నేర్చుకొనుటకు సముద్రాలు దాటి పోనవసరం లేదని, మన ఊరి పొరుగుననే అందుకు తగిన పాఠశాల ఉన్నదని తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

దల్మా పరిచయం

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ వెలసిన జంషెడ్‌పూర్‌లో ఏ మేడ ఎక్కి చూచినా ఆకాశపు అంచున నీలిరంగులో ఒక పర్వతశ్రేణి కనిపిస్తుంది. అదియే దల్మా. శిఖరం ఎత్తు సుమారు 926 మీటర్లు, అంటే మూడువేల అడుగుల పైచిలుకు. 1976లో అభయారణ్యంగా ప్రకటింపబడిన దీని విస్తీర్ణం దాదాపు 193 చదరపు కిలోమీటర్లు. సాల వృక్షాలు, తునికి, విప్ప, వెదురు ఇక్కడి ముఖ్యమైన చెట్లు. ఎలుగుబంటి, అడవిపంది, ముళ్ళపంది, మొరిగే జింక, బెట్టుడుత మొదలగు జంతువులు ఉన్నప్పటికీ దల్మాకు పేరు తెచ్చినది ఏనుగు.

కేంద్ర ప్రభుత్వం 1992లో ఏనుగుల సంరక్షణ పథకాన్ని ప్రారంభించింది. ఆ పథకం కింద దేశంలో మొట్టమొదట 2001లో ప్రకటింపబడినది సింగ్‌భూమ్ ఏనుగుల రిజర్వు. దల్మా అందులో భాగం. జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో సైతం ఈ సంగతి ఎరిగినవారు తక్కువనియే చెప్పవలెను.

కొండపైన వేర్వేరు ఎత్తులలో నీటి గుంటలు ఉన్నాయి. స్థానికులు వీటిని "బాంధ్" అంటారు. వేసవిలో చుట్టుపక్కల వాగులు ఎండిపోయినా ఈ బాంధులలో నీరు నిలుస్తుంది. ఎదిగిన ఏనుగుకు రోజుకు దాదాపు 150 కిలోల మేత, 100 లీటర్లకు పైగా నీరు కావాలి. కనుకనే ఎండాకాలంలో గుంపులు దల్మా చేరుకుంటాయి. వర్షాలు వెనుకపట్టి వరి పొట్టకు వచ్చే వేళకు తూర్పుగా పశ్చిమ బెంగాల్ జిల్లాల వైపు సాగిపోతాయి. 1980ల ద్వితీయార్ధం నుంచి ఈ రాకపోకలు ప్రతియేటా జరుగుతున్నవే.

ఇక్కడ ఒక పోలిక అవసరం. మసాయి మారా విస్తీర్ణం 1,510 చదరపు కిలోమీటర్లు, అంటే దల్మాకు ఇంచుమించు ఎనిమిది రెట్లు. సెరెంగెటి 14,763 చదరపు కిలోమీటర్లు, డెబ్బైయారు రెట్లకు పైమాట. మన ఏనుగు సరిహద్దు దాటి పొలంలో అడుగుపెట్టినదంటే అది దాని దౌష్ట్యం కాదు. దాని ఇల్లు చిన్నది, దాని దారి పాతది. ఆ దారి మీద ఊళ్ళు, రహదారులు, రైలు పట్టాలు, గనులు, విద్యుత్ తీగలు తరువాత వచ్చి చేరినవి.

వెదురు కుటీరంలో ఒక రాత్రి

మానగో వంతెన దాటి, పారడీ మీదుగా రాంచీ రహదారిలో పోయి కుడివైపునకు మరలితే మాకులకోచా వస్తుంది. అభయారణ్యానికి ముఖద్వారం ఇదే. ఇక్కడ అటవీశాఖవారి వెదురు కుటీరాలు ఉన్నాయి. కొండపై పిండ్రాబేడా వద్ద విశ్రాంతి గృహం ఉన్నది. మా విభాగంలోని మూడు కుటుంబాలవారం విప్ప పూలు రాలే రోజులలో ఒక రాత్రి మాకులకోచాలో బస చేసితిమి.

ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, దద్దోజనం సంధ్యవేళకే ముగించవలెనని అక్కడి కావలి ఉద్యోగి ముందుగానే కోరినాడు. ఆయన సమీప గ్రామానికి చెందిన సంథాల్ పెద్ద. "అన్నం వాసన, విప్ప వాసన ఏనుగుకు చాలా దూరం నుంచి తెలుస్తాయి సాబ్. మా ఊళ్ళో గోడలు పడగొట్టేది మనుషుల మీద కోపంతో కాదు, లోపల ఉన్న ధాన్యం కోసం" అన్నాడాయన. మిగిలిన గిన్నెలు శుభ్రంగా కడిగించి వాహనంలో పెట్టించినాడు.

సాయంకాలం ఒక బాంధు ఒడ్డున, తగినంత దూరంలో నిలిచి చూచుచుండగా ఏడు ఏనుగులు నీటికి దిగినవి. వాటిలో రెండు గున్నలు. పెద్దవి ఆ గున్నలను నడుమ ఉంచుకొని, ముందుగా ఒక ఆడ ఏనుగు నీటిని పరీక్షించిన తరువాతనే మిగిలినవి అడుగు ముందుకు వేసినవి. ఏనుగుల గుంపుకు నాయకత్వం వహించేది వయసు మీరిన ఆడ ఏనుగే. ఏ ఎండకాలంలో ఏ గుంటలో నీరు ఉంటుందో, ఏ దారి క్షేమమో ఆమె జ్ఞాపకంలో ఉంటుంది. ఆమె మరణిస్తే గుంపు కోల్పోయేది ఒక ప్రాణాన్ని మాత్రమే కాదు, ఒక దేశపటాన్ని.

రాత్రి పది దాటిన తరువాత దీపాలు ఆర్పివేసితిమి. వెదురు గోడకు ఆవల అడవి మేల్కొన్నది. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు, కొంతసేపు నిశ్శబ్దం, మరల ఆకులు పీకిన సవ్వడి. పిల్లలు తల్లుల చేతులు పట్టుకొని కూర్చున్నారు కాని ఒక్కరూ మాట్లాడలేదు. ఏనుగులు మనిషి చెవికి అందని మంద్రధ్వనులతో దూరదూరాలకు సంభాషించుకుంటాయి. ఈ సంగతిని అమెరికాలోని పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో 1984లో కేటీ పేన్ అనే శాస్త్రజ్ఞురాలు గుర్తించినారు. వాటి పౌనఃపున్యం ఇంచుమించు 20 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. ఆ రాత్రి మేము విన్న నిశ్శబ్దంలో సైతం సంభాషణ సాగుతూ ఉండవచ్చును.

అడుగుజాడ చెప్పిన లెక్క

తెల్లవారిన తరువాత కావలి ఉద్యోగి మమ్ములను కుటీరాలకు వెనుకనున్న మెత్తని నేల వద్దకు తీసుకొనిపోయినాడు. అక్కడ పళ్ళెమంత జాడలు వరుసగా ఉన్నవి. ఏనుగు ముందుకాలి చుట్టుకొలతను రెండుతో హెచ్చిస్తే భుజం వద్ద దాని ఎత్తు దాదాపుగా వస్తుంది. ఇది అడవి మనుషులకూ శాస్త్రజ్ఞులకూ తెలిసిన సూత్రమే. ఒక దారంతో కొలిచితిమి. 128 సెంటీమీటర్లు వచ్చింది. అంటే ఎత్తు సుమారు 2.56 మీటర్లు. గుంపుకు ఎడంగా నడిచిన మగ ఏనుగు కావచ్చునని ఆయన చెప్పినాడు.

ఇంజనీరుకు ఒక కొలత చేతికి వస్తే మరొక లెక్క మొదలవుతుంది. రెండున్నర మీటర్ల ఏనుగు తొండం పైకెత్తితే నాలుగు మీటర్ల పైమాట. లేత కొమ్మ కోసం వెనుకకాళ్ళపై లేచినచో ఇంకా ఎత్తు. మన విద్యుత్ తీగ ఎంత ఎత్తున ఉన్నది?

తీగల కింద ప్రాణం

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. 2023 నవంబరులో ఇదే తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోని ముసాబనీ అడవిలో 33 కిలోవోల్టుల తీగ తగిలి ఐదు ఏనుగులు మరణించినవి. వాటిలో గున్నలు కూడా ఉన్నాయి.

రెండు స్తంభాల నడుమ తీగ తిన్నగా ఉండదు, వంగి ఉంటుంది. ఆ వంపు స్తంభాల మధ్య దూరపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. బిగింపు మారకుండా దూరాన్ని రెట్టింపు చేస్తే వంపు నాలుగింతలవుతుంది. వేసవి ఎండకు, విద్యుత్ భారానికి తీగ వేడెక్కి వ్యాకోచించినపుడు అది మరింత కిందికి జారుతుంది. ఏనుగులు దల్మా వైపు వచ్చేది సరిగా అదే ఋతువులో! తీగ కింద మట్టి పోసినా, గట్టు వేసినా, స్తంభం ఒరిగినా, నిర్మించిన నాటి లెక్క తప్పిపోతుంది. కాగితంపై ఉన్న ఎత్తు వేరు, నేలపై ఉన్న ఎత్తు వేరు.

పరిష్కారాలు మన చేతిలో ఉన్నవే. ఏనుగులు దాటే చోట స్తంభాల మధ్య దూరాన్ని తగ్గించి, ఎత్తైన స్తంభాలు వేయవచ్చును. తొడుగు ఉన్న తీగలను గాని భూగర్భ కేబుళ్ళను గాని వాడవచ్చును. ఏనుగు ఒళ్ళు రుద్దుకొని పడగొట్టకుండా స్తంభాల మొదళ్ళకు ముళ్ళ పట్టీలు బిగించవచ్చును. ప్రతి యేటా వేసవికి ముందు ఒకసారి, పంట కాలానికి ముందు ఒకసారి కొలబద్దతో లైను పొడవునా నడవాలి. రైల్వేలలో సైతం ఇటువంటి ప్రయత్నం జరిగింది. ఈశాన్య సరిహద్దు రైల్వేవారు 2022లో పట్టాల పక్కనున్న ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ద్వారానే ఏనుగుల అడుగుల ప్రకంపనలను గుర్తించి డ్రైవర్లను హెచ్చరించే విధానాన్ని ప్రవేశపెట్టినారు.

మన తెలుగునాటికి కూడా ఇది పరాయి సమస్య కాదు. చిత్తూరు జిల్లాకు 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు తరలిరాగా, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పొలాలపై పడే గుంపులను మళ్ళించుటకు 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను అందజేసింది. పంట పోగొట్టుకున్న రైతు కన్నీరు సైతం నిజమే. సకాలంలో నష్టపరిహారం అందని రైతుకు ఏనుగుపై దయ చూపమని చెప్పే అర్హత మనకు లేదు.

యాత్రికులకు కొన్ని సూచనలు

దల్మాకు వెళ్ళదలచిన మిత్రులు అటవీశాఖ వద్ద ముందుగా బసను నిశ్చయపరచుకొనవలెను. ఏనుగులను చూచుటకు వేసవి అనుకూలం. ఆదివాసులు సంప్రదాయ వేట ఉత్సవమైన సేంద్రా జరుపుకొనే దినాలలో ప్రయాణం పెట్టుకొనకుండుట మంచిది. మట్టిరంగు దుస్తులు ధరించవలెను. సుగంధ ద్రవ్యాలు, పాటల పెట్టెలు, బాణసంచా నిషిద్ధం. ప్లాస్టిక్ సంచులు తిరిగి ఇంటికే చేరవలెను. ఏనుగు ఎదురైనపుడు వాహనాన్ని ఆపి, హారన్ మోగించక, దానికి దారి విడిచి నిలువవలెను. అది చెవులు ముందుకు సాచి, తల ఎత్తి నిలిచినదంటే మనం దగ్గరైనామని గ్రహించి వెనుకకు మరలవలెను.

సెలవు దినాలలో దూరప్రాంతాలకు పోయి వేలు ఖర్చు చేయుట కంటె, ఒక్క రాత్రి ఈ అడవిలో పిల్లలతో గడిపి చూడుడని సంస్థ ఉద్యోగ మిత్రులకు నా విన్నపం. తిరిగి వచ్చిన తరువాత మీ బాధ్యతలో ఉన్న లైను గాని, రోడ్డు గాని, కాలువ గాని ఏనుగుల దారిని ఎక్కడ దాటుచున్నదో పటం మీద ఒకసారి గుర్తించుడు. ఆ చోట ఎత్తు ఎంతో స్వయంగా పోయి కొలవుడు.